పురుగు కొరికిన అంచు

అమ్మకి మోకాళ్లు అరిగిపోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచి మా గుమ్మంలో ముగ్గు లేదు. మేముండేది మూడో అంతస్తు ఫ్లాట్, తలుపు బయట రెండు చెప్పుల స్టాండ్లు పట్టేంత జాగా. పండగలకి నేనే స్టిక్కర్ ముగ్గు తెచ్చి అంటించేదాన్ని. అమ్మ దాన్ని తొక్కకుండా జాగ్రత్తగా దాటేది, కానీ ఒక్కసారి కూడా ఆగి చూసేది కాదు.

ఇవాళ రాయాలనుకున్నది పుట్టగొడుగుల ఫోటోల గురించి. అమ్మని పక్కన పెట్టి ఆ సంగతి చెప్పడం నా వల్ల కాదు, అందుకే ఇక్కణ్నుంచి మొదలుపెట్టాను.

నేను విశాఖపట్నంలో డీటీపీ పని చేస్తాను. పెళ్లి కార్డులు, గృహప్రవేశాలు, దినకర్మ కార్డులు, ఫ్లెక్సీలు. పద్దెనిమిదేళ్లుగా పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఫోటోషాప్ ముందే కూర్చుంటున్నాను. కార్డు మూలల్లో వేసే గుండ్రటి డిజైన్లకి మా దగ్గర ఒక ఫోల్డర్ ఉంది. ఎవరో ఎప్పుడో సీడీలో కాపీ చేసి ఇచ్చినవి. అవే డిజైన్లు మా వీధిలో ఉన్న మిగతా షాపుల్లోనూ ఉంటాయి. నేను చేసిన కార్డులో నాదంటూ ఒక్క గీతైనా లేదే అన్న బాధ చాలా ఏళ్లు ఉండేది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం పాత ఇంట్లో ఉండేవాళ్లం. ఆ రోజు మా సందు చివర నిద్రగన్నేరు చెట్టు కూలిపోయింది. కొమ్మలు నరికి లారీల్లో తీసుకుపోయారు గానీ మొదలు మాత్రం ప్రహరీ గోడ పక్కనే ఉండిపోయింది. రెండు వానాకాలాలు పోయాక ఒకరోజు చెత్త పారేయడానికి వెళ్లి చూస్తే, ఆ దుంగ ఒంటి నిండా చిన్న చిన్న తెల్లటి విసనకర్రలు! వరసలు వరసలుగా, ఒకదాని మీద ఒకటి. చెత్తబుట్ట కింద పెట్టి ఫోన్ తీశాను.

ఆ పుట్టగొడుగు పేరు షైజోఫిల్లమ్ కమ్యూన్ అని తర్వాత తెలుసుకున్నాను. ఎండుకర్ర ఉంటే చాలు, ప్రపంచంలో ఎక్కడైనా పెరిగే రకం. పైనుంచి చూస్తే బూడిద రంగు నూగు, అంతే. దాన్ని కిందనుంచి చూడాలి. విసనకర్ర పుల్లల్లా రేకులు కాడ దగ్గర్నుంచి అంచు దాకా విచ్చుకుని ఉంటాయి, లేత గులాబీ కలిసిన బూడిద రంగులో. కళ్లజోడు తీసి ఇంకా దగ్గరికి వెళ్తే ఒక్కో రేకూ నిలువునా రెండుగా చీలి కనిపిస్తుంది. ఎండ కాస్తే ఆ చీలిక అంచులు రెండూ చుట్టుకుపోయి లోపలి భాగాన్ని మూసేసుకుంటాయి. తడి తగిలితే మళ్లీ విచ్చుకుంటాయి. ఒక ఏప్రిల్‌లో ఆ దుంగ మీంచి బాగా ఎండిపోయిన ముక్క ఒకటి ఊడదీసి తెచ్చాను. చేత్తో నలిపితే అట్టలా ఉంది. స్టీలు గిన్నెలో తడిగుడ్డ పరిచి, దాని మీద పెట్టి మూత వేసి, వంట చేసుకుంటూ మధ్యమధ్యలో మూత తీసి చూస్తూ వచ్చాను. భోజనాల వేళకి చుట్టుకున్న రేకులు వదులయ్యాయి. సాయంత్రానికి పూర్తిగా తెరుచుకున్నాయి. ఆ రోజు నేను తీసిన ఫోటోలు ఎనభై దాటాయి.

ఆ ఫోటోల్ని ఏం చేయాలో తెలిసేది కాదు. షాపులో పని అయ్యాక సిస్టమ్‌లో పెట్టి చూసుకునేదాన్ని. ఒకరోజు ఊరికే ఒక ముక్క కత్తిరించి, కాపీ చేసి, అడ్డంగా తిప్పి పక్కన పెట్టాను. రెండు ముక్కలూ కలిసిన చోట ఒక ఆకు పుట్టింది. ఫోటోలో లేని ఆకు అది. చిన్నప్పుడు ఎనిమిదో తరగతిలో చేసిన కెలిడోస్కోప్ అప్పుడు గుర్తొచ్చింది. ఫోటో ఫ్రేముల షాపులో అడిగి తెచ్చుకున్న మూడు అద్దం పట్టీలు, అట్ట, రబ్బరు బ్యాండ్లు, అమ్మ పగిలిన గాజుల ముక్కలు. ఆ గాజుల్లో ఒక ఆకుపచ్చ ముక్క ఉండేది. అది దొర్లినప్పుడల్లా గొట్టంలో మొత్తం లోకం మారిపోయేది.

స్కాట్లండ్‌లో డేవిడ్ బ్రూస్టర్ అనే ఆయన 1816లో ఆ గొట్టాన్ని కనిపెట్టి, మరుసటేడు పేటెంట్ తీసుకున్నాడు. జనం ఎగబడి కొన్నారు. కానీ నకళ్లు అంతకంటే జోరుగా అమ్ముడుపోయి ఆయనకి పెద్దగా ఏమీ మిగల్లేదు. డిజైన్ల పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు ఆయన మీద చాలా జాలి కలిగింది. గొట్టం లోపలి లెక్క మాత్రం చాలా సులువు. రెండు అద్దాల మధ్య 60 డిగ్రీలుంటే బొమ్మ ఆరు భాగాలుగా కనిపిస్తుంది. 45 అయితే ఎనిమిది, 30 అయితే పన్నెండు. 360ని ఆ కోణంతో భాగిస్తే సరిసంఖ్య రావాలి. రాలేదంటే ఎక్కడో ఒకచోట చివరి రెండు ముక్కలు కలవవు.

కంప్యూటర్లో చేసేదీ అదే. ఫోటోలోంచి 30 డిగ్రీల కొనతో ఒక ముక్క కోస్తాను, పుచ్చకాయ ముక్కలా. దాన్ని కాపీ చేసి, అద్దంలో ప్రతిబింబంలా తిప్పి అతికిస్తే 60 డిగ్రీల ముక్క అవుతుంది. దాన్ని ఆరుసార్లు కాపీ చేసి ఒక్కోదాన్ని 60 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ పోతే వృత్తం పూర్తవుతుంది. ఇంత శ్రమ అక్కర్లేదనుకుంటే ఉచితంగా దొరికే జింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో కెలిడోస్కోప్ అని ఫిల్టరే ఉంది. అద్దాలెన్నో చెప్పి, కేంద్రం అటూ ఇటూ జరుపుతూ ఉంటే బొమ్మలు వాటంతటవే మారుతుంటాయి. కొత్తవాళ్లకి అదే చెబుతాను. నేను మాత్రం చేత్తోనే కోస్తాను. ఫిల్టర్‌తో చేస్తే ఏ ముక్క నుంచి ఏ ఆకు వచ్చిందో నాకు తెలియదు. నాకది తెలియాలి.

మొదటి నెల రోజులూ నాకు ఒక్కటి కూడా బాగా రాలేదు. అప్పటికి సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. అందంగా, నిండుగా, మచ్చ లేకుండా ఉన్న గొడుగుల్ని వెతికి వెతికి ఫోటోలు తీసేదాన్ని. గొడుగు నడిమధ్యన కేంద్రం పెట్టి తిప్పితే మళ్లీ గొడుగే వచ్చేది. రావడంలో వింతేముంది, గుండ్రటి దాన్ని గుండ్రంగా తిప్పితే గుండ్రంగానే ఉంటుంది. బొమ్మలో తప్పేమీ ఉండేది కాదు, కానీ చూడ్డానికి షాపులోని పాత ఫోల్డర్‌లో డిజైన్‌లాగే ఉండేది.

తేడా తెలిసింది అమ్మ పుట్టింటి ఊళ్లో. విజయనగరం జిల్లాలో మామయ్యకి జీడి తోట ఉంది. ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టాక వెళ్లాను. ఆకులు కుళ్లి నేలంతా మెత్తగా ఉంది. ఒక చెట్టు మొదట్లో తెల్లటి గొడుగు కనిపించింది, అరచేతి వెడల్పుంటుంది. దాని అంచుని ఏదో పురుగు అర్ధచంద్రాకారంగా కొరికేసింది, లోపల ఇంకో రెండు చిల్లులు. పనికిరాదనుకుని ముందుకెళ్లాను. చుట్టుపక్కల ఇంకేమీ దొరక్క మళ్లీ అక్కడికే వచ్చి, పాత గొడుగు గుడ్డ పరుచుకుని బోర్లా పడుకుని ఫోటో తీస్తున్నాను.

“ఏటి పాపా, అలా పడుకున్నావు? ఏటైనా పడిపోయిందేటి?” అంటూ మామయ్య పరుగున వచ్చాడు.

కెమెరా వెనక తెరలో చూపించాను. చాలాసేపు చూశాడు. “పురుగు తినేసింది కదమ్మా ఇది. పద, మంచివి చూపిస్తాను” అన్నాడు.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో ఆ కొరికిన అంచునే కోశాను. ముక్క కొన సరిగ్గా చిల్లు పక్కన పడేలా పెట్టి, పన్నెండూ అమర్చాను. కొరికిన చోటు పన్నెండుసార్లు తిరిగేసరికి అల్లిక లేసు అయ్యింది. చిల్లుల్లోంచి కనిపించే నల్లమట్టి తెలుపు మధ్యలో ఆకుల తోరణమయ్యింది. ఫోటో తీసేటప్పుడు నేను గమనించలేదు, ఒక చిల్లు అంచున చిన్న చీమ ఉంది. అది పన్నెండు చీమలై, జంటలు జంటలుగా ముఖాలు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడ్డాయి. నాకు ఒళ్లు జలదరించింది. రాత్రి పదకొండయింది, నిద్రపోతున్న మామయ్యని లేపి చూపించాను. కళ్లు నులుముకుంటూ చూసి, “అదేనా ఇది?” అని రెండుసార్లు అడిగాడు.

అప్పట్నుంచి నేను వెతికేది అంచులే. చిరిగిన చోటు, నత్త నాకిన చోటు, వాన చినుకు పడి మట్టి చిట్లిన చోటు, ఎండిపోయి ముడత పడిన చోటు. అటు సగం, ఇటు సగం ఒకేలా లేని చోటయితేనే అద్దంలోలా తిప్పినప్పుడు కొత్తది పుడుతుంది. మచ్చ లేని గొడుగు ఇప్పుడు కనిపించినా ఫోటో తీస్తాను, దాని ముచ్చట కోసం. కోయడానికి మాత్రం కాదు.

ఇంకో పట్టుదల కూడా ఉంది నాకు. రంగులు మార్చను. చెట్ల కింద తీసినప్పుడు ఫోటో మీద పచ్చటి ఛాయ పడుతుంది, దాన్ని సరిచేస్తాను. అంతకు మించి ఏమీ చేయను. ఊదా, నీలం, ఫ్లోరసెంట్ పచ్చ పోసి మెరిపించే బొమ్మలు చాలామంది చేస్తారు. అలా చేస్తే అందులో పుట్టగొడుగు ఎక్కడుంటుంది? దాని రంగు దానికి చాలు. అరకు వెళ్లేదారిలో అనంతగిరి కాఫీ తోటల దగ్గర మైక్రోపోరస్ గ్జాంతోపస్ అనే పుట్టగొడుగు దొరికింది. సన్నటి కాడ మీద గరాటులా ఉంటుంది, కాడ అడుగున పసుపు రంగు. గరాటు లోపల గోధుమ రంగులో ఎన్ని ఛాయలున్నాయో అన్నీ వలయాలు వలయాలుగా ఉంటాయి, నున్నగా మెరుస్తూ. ఏటికొప్పాక లక్క బొంగరాన్ని చేతిలో పట్టుకున్నట్టే ఉంటుంది. దాన్ని పన్నెండు ముక్కలు చేస్తే వలయాలన్నీ విరిగి, వంపులు తిరిగి, చీర కొంగులా వచ్చింది. దానికి నేను ఏ రంగు కలపాలి?

ప్రింటింగ్ దగ్గర మాత్రం రంగు నా మాట వినదు. జీడి దుంగల మీద పిక్నోపోరస్ సాంగ్వినియస్ అని ఒకటి వస్తుంది, అచ్చం కుంకుమ కలిపిన నారింజ రంగు. తెర మీద నిప్పులా ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో వాడే నాలుగు సిరాలతో ఆ నారింజ రాదు, ఇటుక రంగులోకి దిగిపోతుంది. మొదటిసారి ఒక ప్రెస్‌లో వంద కార్డులు వేయించి, కట్ట విప్పి చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడు అలాంటివి ఫోటో పేపర్ మీద ఇంక్‌జెట్‌లో తీయిస్తున్నాను. ఖర్చెక్కువే, కానీ నిప్పు కొంతైనా మిగులుతోంది.

ఫోటోలు చూసినవాళ్లలో సగం మంది అడిగే ప్రశ్న ఒకటే. తినొచ్చా? దానికి నేను ఎప్పుడూ జవాబు చెప్పను, ఫోటో చూసి చెప్పగలిగే విషయం కాదది. వానలు పడ్డాక మన పార్కుల్లో పచ్చిక మీద తెల్లటి పెద్ద గొడుగులు వస్తాయి, ఒక్కోసారి వలయంగా. అవి క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటీస్ అయితే లేతగా ఉన్నప్పుడు కింద రేకులు కూడా తెల్లగానే ఉంటాయి, ముదిరాకే ఆకుపచ్చకి తిరుగుతాయి. తింటే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలే. ఒకసారి దాని గొడుగుని కాడ తీసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి గొడుగు ఎత్తితే రేకుల మధ్య నుంచి రాలిన సిద్ధబీజాలు, అంటే దాని విత్తనాల్లాంటి పొడి, కాగితం మీద సన్నటి గీతలుగా పడి ఉన్నాయి, పాచి ఆకుపచ్చ రంగులో, ఎవరో ముగ్గుపిండి జల్లినట్టు. ఊపిరి గట్టిగా వదిలితే చెదిరిపోతుందని బిగబట్టుకుని ఫోటో తీశాను.

మామయ్య చూపిస్తానన్న మంచివి మరునాడు చూపించాడు. చెదపుట్ట పక్కన నేలని చీల్చుకుని లేచినవి. ఉరుములకి లేస్తాయంటాడాయన. ఆ రకాన్ని టెర్మిటోమైసిస్ అంటారు. చెదపురుగులు పుట్ట లోపల పుల్లా పుడకా నమిలి గూళ్లు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. వానాకాలంలో అది పుట్ట అడుగు నుంచి పొడుగాటి వేరులాంటి కాడ సాగదీసుకుంటూ పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అన్న మాట రోజూ అంటూనే ఉన్నాను గానీ, పుట్టలోంచి వచ్చే గొడుగు అని ఆ తోటలో మోకాళ్ల మీద కూర్చున్నప్పుడే మొదటిసారి వినిపించింది.

ఇక అమ్మ సంగతి.

చీమలున్న ఆ బొమ్మని ఏ3 సైజులో ప్రింట్ తీయించి ఇంటికి తెచ్చాను. అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చేతులు చీరకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, కాగితం ఒళ్లో పరుచుకుంది. ఇదేంటని అడగలేదు. మధ్యలో వేలు పెట్టి, బయటికి ఒక రేకు మీదుగా పోయి, అంచు తిరిగి మళ్లీ మధ్యకి వచ్చింది. పక్క రేకు మీద అలాగే.

“సందు చుక్కలే ఇది. పదమూడు నుంచి ఏడు” అంది.

“చుక్కలెక్కడివమ్మా, పుట్టగొడుగు.”

వినిపించుకోలేదు. వేలు ఒకచోట ఆగింది. “గీత కలవలేదిక్కడ.”

నేను వంగి చూశాను. ఏమీ కనిపించలేదు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఉంది, రెండు ముక్కలు కలిసే చోట మధ్య నుంచి అంచు దాకా వెంట్రుక కంటే సన్నటి తెల్లగీత. తిప్పిన ముక్కల అంచుల్ని కంప్యూటర్ కొంచెం పలచన చేస్తుంది, రెండు పలచటి అంచులు పక్కపక్కన పడితే వెనకున్న తెలుపు బయటికి తొంగిచూస్తుంది. తెర మీద నాకు ఇన్నాళ్లూ కనిపించలేదు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్న నా కంటికి అందనిది అమ్మ వేలికి అందింది.

“గీత కలవకపోతే ముగ్గెలా అవుతుందే?” అంది, కాగితం నా చేతికిస్తూ.

ఆ రాత్రే సరిచేశాను. ముక్కని 30కి బదులు 31 డిగ్రీలు కోస్తే చాలు, అటు అర డిగ్రీ ఇటు అర డిగ్రీ పక్కముక్క కిందకి వెళ్లిపోతుంది. ఇప్పుడు నా బొమ్మలన్నీ అలాగే కోస్తున్నాను.

తర్వాత కాగితం మీద అమ్మ చెప్పిన సందు చుక్కలు పెట్టి చూశాను, ఒక వరస చుక్కల సందుల్లో పక్క వరస చుక్కలు పడేలా. మధ్య వరసలో పదమూడు, దానికి అటూ ఇటూ పన్నెండు, పదకొండు, అలా తగ్గుతూ ఏడు. మొత్తం 127 చుక్కలు. గీత గీసి చుట్టూ కలిపితే ఆరు పక్కలూ సమానంగా ఉన్న షడ్భుజి. 60 డిగ్రీల అద్దాల లోపల ఉండే ఆకారమే అది. బ్రూస్టర్ లెక్కలు చదవకుండానే అమ్మ ఏళ్ల తరబడి పేడనీళ్లు చల్లిన వాకిట్లో, చీకట్లో, వంగి, పిండి వేళ్ల సందుల్లోంచి వదులుతూ దాన్ని వేసింది. అప్పుడు నేను లేచేసరికి ముగ్గు అయిపోయి ఉండేది. అది వేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూసిన రోజులు చాలా తక్కువ. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

“సరి చుక్కల్లో కూడా చెయ్యి” అని అడిగింది ఓసారి, అంటే ఒకదాని కింద ఒకటి తిన్నగా పడే చుక్కలు. 45 డిగ్రీల ముక్కతో చేశాను. నాలుగు మూలలూ వచ్చాయి. బాగుందంది గానీ తనకి సందు చుక్కలే ఇష్టం.

ఈ వానాకాలంలో ఒక కొత్త ఏర్పాటు చేశాను. మళ్లీ ఫ్రేముల షాపుకి వెళ్లి రెండు అద్దం పట్టీలు కోయించుకున్నాను, జానెడు పొడవు. అంచులకి సెలోటేప్ చుట్టి, వెనక బట్టటేపు వేసి పుస్తకంలా తెరుచుకునేలా అతికించాను. ఫోటోని ఏ4 మీద ప్రింట్ తీసి, దాని మీద ఈ అద్దాల్ని నిలబెట్టి లోపలికి చూస్తే చాలు, కంప్యూటర్‌తో పని లేకుండా బొమ్మ అక్కడే కనిపిస్తుంది. అద్దాన్ని జరిపితే మారిపోతుంది. తలుపులా మూస్తూ పోతే రేకులు పెరుగుతాయి.

నిన్న ఆదివారం మధ్యాహ్నం అమ్మ ముందు పీట మీద ఒక ప్రింట్ పెట్టాను. విశాఖ పక్కనే ఉన్న కంబాలకొండ అడవిలో తీసింది, కుళ్లిన కర్ర మీద చెవి ఆకారంలో ఉండే గోధుమ రంగు శిలీంధ్రం. అమ్మ అద్దాలు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా జరపడం మొదలుపెట్టింది. నున్నటి చోట ఆగలేదు. మెరుపున్న చోట ఆగలేదు. నేను ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. కింది మూలలో, చెవి తమ్మె చిరిగి లోపలి పొర బయటపడిన చోటికి వచ్చాక చేతులు నిలిచాయి. అద్దాలు కొంచెం మూసింది, ఇంకొంచెం మూసింది, ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

“పెన్సిల్ తే” అంది. అద్దం పట్టీల వెంబడి రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టింది.